పాత 6, కొత్త 15: ఒక గోల్ఫ్ కోర్స్‌లో హోల్స్ వరుస మార్చిన కేస్ స్టడీ

క్లబ్ కమిటీ ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజు ఆట 14వ హోల్ దగ్గరే అయిపోతోంది. ఎవరు గెలుస్తారో అక్కడికి తేలిపోతుంది. మిగిలిన నాలుగు హోల్స్ లీడర్ జాగ్రత్తగా ఆడుకుంటూ వస్తాడు, వెనకున్నవాళ్లు ఏమీ చేయలేక అతని వెంట నడుస్తారు, చూడటానికి వచ్చిన సభ్యులు మెల్లగా క్లబ్‌హౌస్ దారి పడతారు. దీనికి మందు కూడా కమిటీయే రాసుకొచ్చింది: 17, 18 హోల్స్‌ని ఇంకా కష్టం చేయడం. కొత్త బంకర్లు (ఇసుక గుంటలు), వెనక్కి జరిపిన టీలు (మొదటి షాట్ కొట్టే చోట్లు), వీలైతే 18వ గ్రీన్ (కప్పు ఉండే నున్నని గడ్డి) పక్కన ఒక చిన్న చెరువు.

నేను కోర్స్ రూటింగ్ మీద పనిచేస్తాను. ఏ హోల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి, దేని తర్వాత ఏది రావాలి అని చూడటమే నా పని. కోర్స్ అంతా నడిచి, పాత ఫైనల్ రోజుల స్కోర్‌కార్డులు తిరగేశాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ కోర్స్‌కి కొత్త హోల్ ఒక్కటీ అక్కర్లేదు. కావలసిన డ్రామా అంతా ఇప్పటికే ఉంది. కాకపోతే అది 6, 7, 8 హోల్స్‌లో ఉంది. ఇంటర్వెల్ రాకముందే క్లైమాక్స్ అయిపోతోంది.

కోర్స్ స్వరూపం

క్లబ్‌హౌస్ దగ్గర మొదలై మళ్లీ అక్కడికే వచ్చే రెండు తొమ్మిదులు. మొదటి తొమ్మిది పడమర వైపు చెరువు చుట్టూ తిరుగుతుంది, రెండోది తూర్పు వైపు చెట్ల మధ్య. క్లబ్‌లో అందరూ చెరువు నైన్, అడవి నైన్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. మొత్తం పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన షాట్ల లెక్క, 71.

చెరువు నైన్ మెత్తగా మొదలవుతుంది. 1వ హోల్ 395 గజాల పార్ 4, ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) వెడల్పు. 2 పొడవైన పార్ 5, 3 మామూలు పార్ 3, 4 పొట్టి పార్ 4, 5 కాస్త పెద్ద పార్ 4. అసలు కథ 6తో మొదలవుతుంది. 485 గజాల పార్ 5, గ్రీన్ ముందు నీళ్లు. మంచి డ్రైవ్ (టీ మీది పొడవైన మొదటి షాట్) కొట్టినవాడికి రెండో షాట్‌తో గ్రీన్ అందుతుంది, అందకపోతే బంతి చెరువులోకి. 7వది 150 గజాల పార్ 3, కుడివైపంతా నీళ్లే. 8వది 310 గజాల పార్ 4, గాలి కలిసొస్తే టీ మీద నుంచే గ్రీన్ మీదికి కొట్టొచ్చు. దాని ఎడమపక్కన లోతైన బంకర్ ఉంది, అందులో పడితే ఒక షాట్ పోయినట్టే. 9వది 430 గజాలు, క్లబ్‌హౌస్ వైపు ఎక్కుడు.

అడవి నైన్ స్వభావం పూర్తిగా వేరు. 10 ఒక్కటే 380 గజాలు, తేలిక. 11 440 గజాలు. 12 పార్ 3 అయినా 205 గజాలు. 13 పార్ 5, 560 గజాలు, రెండు షాట్లలో ఎవరికీ అందదు. 14 450. 15 400. 16 పార్ 3, 190. 17 455, 18 460. నీళ్లు ఎక్కడా లేవు. చెట్లు, పొడవు, ఇరుకు ఫెయిర్‌వేలు. ఒక్కొక్కటిగా చూస్తే చక్కని హోల్స్, ముఖ్యంగా 14. వరసగా ఆడితే మాత్రం ఊపిరాడనివ్వవు.

ఇంకో విషయం, ఈ కేసు మొత్తం దాని మీదే తిరిగింది. క్లబ్‌హౌస్‌కి దక్షిణంగా, కాస్త దూరంలో, రెండు నైన్‌లూ ఒకచోట దాదాపు తాకుతాయి. 5వ గ్రీన్, 6వ టీ, 12వ గ్రీన్, 13వ టీ అన్నీ అక్కడే, ఒకదాని నుంచి ఒకటి చూస్తే కనిపించేంత దగ్గరలో. మధ్యలో ఒక కాలిబాట. క్లబ్‌లో ఏళ్లుగా ఆడుతున్నవాళ్లకి అది నీళ్ల డ్రమ్ము పెట్టే చోటు మాత్రమే. నాకు అది రైల్వే జంక్షన్‌లా కనిపించింది.

కష్టం వేరు, డ్రామా వేరు

కమిటీతో మొదటి మీటింగ్ అంతా దీని చుట్టూనే నడిచింది. ఆఖరి హోల్స్ ఎంత కష్టంగా ఉంటే ఆట అంత రసవత్తరంగా ఉంటుందని చాలామంది నమ్మకం. నా దగ్గరున్న పాత స్కోర్‌కార్డులు వేరే మాట చెబుతున్నాయి.

17వ హోల్ తీసుకోండి, 455 గజాల పార్ 4. క్లబ్ స్థాయి మంచి ఆటగాళ్లు దాని మీద ఏం చేస్తున్నారు? 4 లేదా 5. బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ) అరుదు, 6 కూడా అరుదే. అంటే ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఆ హోల్ మీద వచ్చే తేడా సున్నా, మహా అయితే ఒక షాట్. రెండు షాట్ల లీడ్‌తో ఉన్నవాడు ఇలాంటి హోల్స్ నాలుగు ఆడాలంటే, ప్రతి హోల్ మీద బోగీ (పార్ కంటే ఒకటి ఎక్కువ) వేసినా వెనకున్నవాడు కనీసం రెండు పార్ చేస్తే తప్ప అతనికి ప్రమాదం లేదు. వెనకున్నవాడు కూడా బోగీలే వేస్తున్నాడు. హోల్‌ని ఇంకో 25 గజాలు సాగదీస్తే ఇద్దరూ 5 వేస్తారు. కష్టం పెరిగింది, తేడా తగ్గింది.

ఇప్పుడు 6వ హోల్ చూడండి. అదే స్కోర్‌కార్డుల్లో దాని మీద 3 నుంచి 8 దాకా అన్ని అంకెలూ ఉన్నాయి. ధైర్యం చేసి కొట్టి రెండు షాట్లలో గ్రీన్ మీదికి వెళ్లి ఒక పుట్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్) ముగించినవాడికి ఈగిల్, అంటే పార్ కంటే రెండు తక్కువ. నీళ్లలో వేసి, డ్రాప్ చేసుకుని, మళ్లీ నీళ్లలో వేసినవాడికి 8. పక్కపక్కనే నడుస్తున్న ఇద్దరి మధ్య ఒక్క హోల్‌లో మూడు షాట్లు అటూ ఇటూ అవుతాయి. స్కోర్లు ఎంత విడిపోతాయన్నదే డ్రామా. సగటు స్కోరు పార్ కంటే ఎంత ఎక్కువన్నది కష్టం. ఈ రెండింటినీ కలిపి మాట్లాడినంతకాలం ఆఖరి హోల్స్ గురించి సరైన నిర్ణయం రాదు.

అలాంటి హోల్ ఆరోదిగా వస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆరో హోల్ దగ్గర ఎవరి స్కోరూ ఇంకా ఒక ఆకారానికి రాలేదు. నీళ్లలో పడినవాడు "ఇంకా పన్నెండు ఉన్నాయిలే" అనుకుంటాడు, ఈగిల్ చేసినవాడు నవ్వుకుని ముందుకెళ్తాడు. హోల్ అదే, నీళ్లు అవే, షాట్ అదే. తీసుకునే నిర్ణయానికి మాత్రం బరువు లేదు.

దీనికి గోల్ఫ్ చరిత్రలో నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ అమెరికాలో మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా నేషనల్. బాబీ జోన్స్, ఆలిస్టర్ మెకంజీ కలిసి కట్టిన ఆ కోర్స్‌లో 1934లో మొదటి టోర్నమెంట్ జరిగినప్పుడు రెండు నైన్‌లూ ఇప్పటికి తిరగేసి ఉండేవి. ఇప్పటి బ్యాక్ నైన్ అప్పుడు ఫ్రంట్ నైన్. 1935కి మార్చేశారు. ఉదయం పూట ఇప్పటి 12వ గ్రీన్ ఉన్న పల్లపు, నీడ చోట మంచు ఆలస్యంగా కరిగేది, అందుకని ఆట అటు నుంచి మొదలుపెట్టకుండా ఇటు నుంచి మొదలుపెట్టారని చెబుతారు. మంచు కోసం చేసిన మార్పు ఎంత పని చేసిందో ఆ ఏడాదే తెలిసింది. క్రెయిగ్ వుడ్ కంటే మూడు షాట్లు వెనకున్న జీన్ సారజెన్ 15వ హోల్ మీద, 235 గజాల దూరం నుంచి ఫోర్‌వుడ్‌తో కొట్టిన రెండో షాట్ నేరుగా కప్పులో పడింది. పార్ 5 మీద 2. మూడు షాట్ల లోటు ఒక్క దెబ్బతో మాయం. స్కోర్లు సమం కావడంతో మర్నాడు జరిగిన 36 హోల్స్ ప్లేఆఫ్‌లో గెలిచాడు. పాత వరుసే ఉండి ఉంటే అదే షాట్ ఆరో హోల్ మీద పడేది, అద్భుతమైన షాట్‌గా మిగిలేది, అంతే. ఇంకా పన్నెండు హోల్స్ ఆడాల్సి ఉన్నప్పుడు మూడు షాట్లు సమం కావడం వేరు, మూడే హోల్స్ మిగిలినప్పుడు సమం కావడం వేరు.

మా కేసులో కూడా హోల్ సంఖ్య 6 నుంచి 15 కావడం యాదృచ్ఛికమే. అయినా కమిటీ ముందు ఈ మాట చెప్పినప్పుడు గది కాసేపు నిశ్శబ్దమైపోయింది.

ఒక కోర్స్ ముగింపు బలంగా ఉండాలంటే ప్రమాదం ఒక్కటే చాలదు, కోలుకునే చోటు కూడా దగ్గరలో ఉండాలి. అగస్టాలో 2016 ఆఖరి రౌండ్ చూడండి. జోర్డన్ స్పీత్ అయిదు షాట్ల లీడ్‌తో బ్యాక్ నైన్‌లోకి వచ్చాడు, 10, 11 మీద బోగీలు, 12 మీద పార్ 3కి 7. అక్కడితో కథ ముగియలేదు. 13 మీద బర్డీ, 15 మీద బర్డీ వేసి మళ్లీ పోటీలోకి వచ్చాడు. చివరికి డ్యానీ విల్లెట్ గెలిచినా, 12 తర్వాత రెండు పార్ 5లు కాచుకుని ఉండబట్టే జనం ఆఖరిదాకా కదల్లేదు. 12 తర్వాత వరసగా ఆరు పొడవాటి పార్ 4లు ఉండి ఉంటే ఎవరు చూసేవాళ్లు?

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ ముగింపులో ఇంకో పాఠం ఉంది. 17వది భయంకరం, గ్రీన్ వెనకే రోడ్డు, రోడ్డు వెనక గోడ. 18వది పొట్టి, వెడల్పు, బర్డీకి పిలిచే హోల్. 1984 బ్రిటిష్ ఓపెన్‌లో టామ్ వాట్సన్, సెవే బాయెస్టెరోస్ సమానంగా ఉన్నప్పుడు సెవే ముందు గ్రూపులో ఉన్నాడు. వాట్సన్ 17 మీద బంతిని రోడ్డు మీదికి, గోడ దగ్గరికి పంపి బోగీ వేస్తుండగా సెవే 18 మీద బర్డీ చేశాడు. ఒకటి తీసుకునే హోల్, ఒకటి ఇచ్చే హోల్ పక్కపక్కనే ఉంటే రెండు గ్రూపుల మధ్య కూడా లీడ్ ఊగుతుంది. రెండూ 17లాంటివే అయితే ఆ క్షణం రాదు.

న్యాయంగా చెప్పాలి, కష్టమైన ముగింపులు కూడా గొప్పగా పనిచేసిన చోట్లు ఉన్నాయి. మెరియన్ ఈస్ట్ కోర్స్‌లో ఉన్న రెండు పార్ 5లూ 2, 4 హోల్స్‌గా ముందే అయిపోతాయి, చివర అంతా బతికి బయటపడటమే. 1950లో బెన్ హోగన్, ఘోరమైన కారు ప్రమాదం జరిగి ఏడాదిన్నర కూడా కాకముందే, ఒకే రోజు 36 హోల్స్ నడిచి, 18వ హోల్ మీద వన్ ఐరన్‌తో గ్రీన్ చేరి, పార్ వేసి ప్లేఆఫ్‌కి చేరాడు, గెలిచాడు. కమిటీ సభ్యుడొకరు సరిగ్గా ఈ ఉదాహరణే తెచ్చారు. నా జవాబు: అది యూఎస్ ఓపెన్. అక్కడ ఆఖరి హోల్ మీద పార్ కొట్టగలవాళ్లు, కొట్టలేనివాళ్లు అని విడిపోతారు, ఆ విభజనే డ్రామా. 460 గజాల హోల్ రెండు షాట్లలో అందనివాళ్లే ఎక్కువగా ఉన్న క్లబ్ ఛాంపియన్‌షిప్‌లో ఎవరూ విడిపోరు, అందరూ కలిసి బోగీ వేస్తారు.

మూడు దారులు

మొదటి దారి అందరికీ తట్టేదే: నైన్‌లు తిరగేయడం. అడవి నైన్ ముందు, చెరువు నైన్ తర్వాత. పైసా ఖర్చు లేదు, బోర్డులు, స్కోర్‌కార్డులు మారిస్తే చాలు. 6, 7, 8 వెళ్లి 15, 16, 17 అవుతాయి. చాలామంది కన్సల్టెంట్లు ఇక్కడితో ఆగేవాళ్లే. నాకు రెండు చోట్ల నచ్చలేదు. ఒకటి, పాత 10 తూర్పు ముఖంగా ఉంది. పొద్దున్నే మొదటి గ్రూపులకి సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు, బంతి ఎటు పోయిందో కనపడదు. రెండు, 205 గజాల పాత 12 మూడో హోల్ అవుతుంది. పొడవైన పార్ 3 ఇంత ముందు వస్తే గ్రూపులు టీ దగ్గర పేరుకుపోతాయి, రోజంతా ఆ ఆలస్యం వెనక్కి పాకుతుంది. రాయల్ లైథమ్ కోర్స్ ఏకంగా పార్ 3తోనే మొదలవుతుంది, నిజమే. కానీ మొదటి టీ మీద గ్రూపుల మధ్య వ్యవధిని స్టార్టర్ చూసుకుంటాడు. మూడో టీ మీద చూసుకునేవాడు ఉండడు.

మూడో అభ్యంతరం అంత పెద్దది కాదు గానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది. చెరువు నైన్ మొదటి అయిదు హోల్స్ మెత్తగా ఉన్నాయి. వాటిని 10 నుంచి 14 దాకా పెడితే రౌండ్ నడుమ జారిపోతుంది. అడవిలో బిగిసిన ఆట అయిదు హోల్స్ పాటు సడలి, తర్వాత మళ్లీ బిగియాలి. 15వ హోల్ మీద నీళ్లు దాటించాలా వద్దా అని తేల్చుకునేవాడు అప్పటికే కొన్ని షాట్లు పోగొట్టుకుని, వాటిని ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలన్న టెన్షన్‌తో రావాలి. హాయిగా వచ్చినవాడు హాయిగా ముందు పొట్టిగా కొట్టి, మూడో షాట్‌తో గ్రీన్ ఎక్కుతాడు.

రెండో దారి, కమిటీ అడిగినది: వరుస అలాగే ఉంచి 18 పక్కన చెరువు తవ్వడం. ఖర్చు, నీళ్ల లెక్క, ఏడాదిపాటు తెగిపోయే ఆట. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

మూడో దారి జంక్షన్ దగ్గర పుట్టింది. పాత 1 నుంచి 5 దాకా ఆడి, అక్కడి నుంచి 6వ టీకి బదులు పక్కనే ఉన్న 13వ టీకి వెళ్లాలి. 13 నుంచి 18 దాకా ఆడితే క్లబ్‌హౌస్ వస్తుంది. అక్కడ 10, 11, 12 ఆడితే మళ్లీ అదే జంక్షన్‌కి చేరతారు. ఇప్పుడు 6, 7, 8, 9.

అంటే కొత్త సంఖ్యల్లో: మెత్తని ఆరంభం 1 నుంచి 5. ఆరోది 560 గజాల పార్ 5. 7 నుంచి 14 దాకా అడవిలోని కష్టం అంతా ఒకే ముద్దగా, మధ్యలో ఒక్క 12 దగ్గర, అంటే పాత 10 దగ్గర, కొంచెం ఊపిరి. ఆ పిండేసే ఎనిమిది హోల్స్ దాటాక 15 మీద నీళ్ల పార్ 5, 16 మీద నీళ్ల పార్ 3, 17 మీద టీ నుంచి అందే పార్ 4, చివరికి 18, క్లబ్‌హౌస్ ముంగిట్లోకి ఎక్కే 430 గజాలు. పాత 9 తూర్పు ముఖం కాబట్టి సాయంత్రం సూర్యుడు ఆటగాళ్ల వీపు వెనక ఉంటాడు. పాత 18లో అదే సూర్యుడు కళ్లలో పడేవాడు.

పార్ లెక్క ఫ్రంట్ 36, బ్యాక్ 35, ఇంతకుముందులాగే. ఒక్క హోల్ గ్రీన్ కూడా కదపలేదు.

కమిటీలో వచ్చిన మొదటి ప్రశ్న: "14 పార్ 3, 16 పార్ 3. మూడు హోల్స్‌లో రెండు పార్ 3లు బాగుంటుందా?" ఈ భయం చాలామందికి ఉంటుంది, కాగితం మీద స్కోర్‌కార్డ్ సమంగా కనపడాలని. సైప్రెస్ పాయింట్‌లో 15, 16 రెండూ పార్ 3లే, పక్కపక్కనే, సముద్రం అంచున. ఆ రెండింటినీ విడదీయమని అడిగినవాణ్ణి నేను చూడలేదు. కోర్స్ డిజైనర్ టామ్ డోక్ 2001లో పసిఫిక్ డ్యూన్స్ బ్యాక్ నైన్‌ని 10, 11 రెండు పార్ 3లతో మొదలుపెట్టి, మొత్తం తొమ్మిదిలో పార్ 4లు రెండే ఉంచాడు. నేల మంచి హోల్స్‌ని ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో తీసుకోవాలి. పైగా మన 14 అంటే 205 గజాల లాంగ్ ఐరన్, 16 అంటే 150 గజాల షార్ట్ ఐరన్, గుండె దడతో. రెండూ పార్ 3లే గానీ అడిగే షాట్లు వేరు.

రెండో ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు, ఎందుకంటే అది నిజమైన నష్టమే. కొత్త వరుసలో తొమ్మిదో హోల్ క్లబ్‌హౌస్ దగ్గర ముగియదు, పదకొండోది ముగుస్తుంది. రౌండ్‌ని రెండు తొమ్మిదుల వలయాలుగా ఉంచాలని మెకంజీ 1920లోనే రాసిన సూత్రానికి ఇది విరుద్ధం. తొమ్మిదే ఆడి ఇంటికెళ్లేవాళ్లకి ఇబ్బంది. అంతకంటే పెద్దది, రద్దీ రోజుల్లో 1, 10 రెండు టీల నుంచీ ఆట మొదలుపెట్టే వీలు పోతుంది, కొత్త 10వ టీ అడవి లోపల ఎక్కడో ఉంటుంది కాబట్టి.

ఇక్కడ హొయ్‌లేక్ ఉదాహరణ పనికొచ్చింది. హొయ్‌లేక్‌లోని రాయల్ లివర్‌పూల్ క్లబ్‌కి 2006లో ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) తిరిగొచ్చినప్పుడు టోర్నమెంట్ కోసం హోల్స్ సంఖ్యలు మార్చారు. సభ్యుల 17, 18 హోల్స్ ఓపెన్‌లో 1, 2 అయ్యాయి, సభ్యుల 16, కుడిపక్క అవుట్ ఆఫ్ బౌండ్స్ (ఆట హద్దు బయటి నేల) ఉన్న పార్ 5, ఓపెన్‌కి 18 అయింది. ఒకే నేల మీద రెండు వరుసలు, మామూలు రోజులకి ఒకటి, ఓపెన్‌కి ఒకటి. నేను కమిటీకి చెప్పింది కూడా అదే: రోజూ పాత వరుస ఉంచుకోండి, ఛాంపియన్‌షిప్ రోజుల్లో జంక్షన్ వరుస ఆడండి. నా మనసులో ఉన్నది మాత్రం ఏడాది పొడవునా కొత్త వరుసే. ఈ కోర్స్‌కి అదే న్యాయమని ఇప్పటికీ అనుకుంటున్నాను. తొమ్మిది హోల్స్ ఆడేవాళ్ల ఇబ్బంది విన్నాక ఆ మాట మీద పట్టుబట్టలేదు.

రెండు స్కోర్‌కార్డుల పని

వరుస మార్చడం అంటే అంకెలు మార్చడమే అనుకుంటారు. కొంత అదే, కొంత కాదు. పద్దెనిమిది హోల్స్ మొత్తం కోర్స్ రేటింగ్ (కోర్స్ ఎంత కష్టమో చెప్పే అంకె) వరుసతో మారదు, హోల్స్ అవే కాబట్టి. తొమ్మిదేసి రేటింగ్‌లు మాత్రం మారతాయి, ఎందుకంటే ఇప్పుడు తొమ్మిదులే వేరు. స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్‌కి కష్టాన్ని బట్టి ఇచ్చే ర్యాంకు) మళ్లీ కూర్చుని వేయాలి. బాగా కష్టమైన హోల్స్‌కి ఇచ్చే 1, 2 ఇండెక్స్‌లు ప్రతి తొమ్మిదిలోనూ నడిమధ్యన పడేలా చూస్తారు, హ్యాండికాప్ షాట్ (బలహీన ఆటగాడికి ఇచ్చే అదనపు షాట్) దొరికేసరికే మ్యాచ్ ముగిసిపోకూడదని. పాత ఇండెక్స్‌లు అలాగే ఉంచితే కొత్త 7, 10, 11 దగ్గర షాట్లన్నీ గుమిగూడేవి.

మ్యాచ్ ప్లే (ఎవరు ఎక్కువ హోల్స్ గెలిచారన్న లెక్కతో ఆడే ఆట) సంగతి వేరుగా ఆలోచించాం. చాలా మ్యాచ్‌లు 18 దాకా రావు, 15, 16, 17 దగ్గరే ముగుస్తాయి. పాత వరుసలో మ్యాచ్‌లు 400 గజాల 15 మీదో, 190 గజాల 16 మీదో చేతులు కలుపుకుని అయిపోయేవి. కొత్త వరుసలో ముగిసే చోటు నీళ్ల పక్కన. చెరువు కట్ట మీద నిలబడితే 15వ గ్రీన్, 16 మొత్తం, 17వ టీ ఒకేసారి కనిపిస్తాయి. ప్రేక్షకులు నడవక్కర్లేదు, ఒక్కచోట నిలబడి రెండు మూడు గ్రూపుల్ని చూడొచ్చు. ఒక గ్రీన్ మీద కేక పడితే పక్క టీ మీద ఉన్నవాడు తల తిప్పుతాడు. పీట్ డై కట్టిన టీపీసీ సాగ్రాస్‌లో 16 పార్ 5, 17 ద్వీపం మీది గ్రీన్, 18 ఎడమంతా నీళ్లు, ఈ మూడూ అలా ఒకదానికొకటి వినపడేంత దగ్గరగా ఉండటమే ఆ ముగింపు బలంలో సగం.

జంక్షన్ దగ్గర ఒక్క పని చేశాం. 5వ గ్రీన్ నుంచి వచ్చేవాళ్లు, 14వ గ్రీన్ నుంచి వచ్చేవాళ్లు ఒకే కాలిబాట మీద ఎదురుపడకుండా బాటను రెండుగా చీల్చి, మధ్యలో పొదలు పెట్టాం. షాట్లు ఎక్కడా ఒకదానికొకటి అడ్డం రావు, నడక మాత్రమే కలుస్తుంది.

ఆఖరి రోజు, 15వ టీ

కొత్త వరుసలో జరిగిన మొదటి ఛాంపియన్‌షిప్ ఫైనల్ రౌండ్‌లో నేను ఆఖరి గ్రూపు వెంట నడిచాను. 14 దాటేసరికి లీడర్‌కి రెండు షాట్ల ఆధిక్యం. పాత వరుసలో ఆట ఇక్కడికి ముగిసినట్టే.

15 మీద అతని డ్రైవ్ బాగా పడింది, గ్రీన్‌కి దాదాపు 215 గజాలు. ఇదే ఆటగాణ్ణి ఇదే ఫెయిర్‌వే మీద పాత 6గా ఉన్నప్పుడు చూశాను. అప్పుడు బ్యాగ్‌లోంచి క్లబ్ లాగి, ఒక్కసారి ఊపి, కొట్టేశాడు. ఈసారి హైబ్రిడ్ (దూరం కొట్టే క్లబ్) తీశాడు. వెనక్కి పెట్టాడు. సెవెన్ ఐరన్ తీసి, నీళ్ల ముందు ఎక్కడ ఆపాలో కేడీతో (బ్యాగ్ మోసే సహాయకుడు) చూశాడు. పక్క ఫెయిర్‌వే అంచున అతని ప్రత్యర్థి బంతి ఇంకా పది గజాలు ముందుంది, అతనికి గ్రీన్ ఖాయంగా అందుతుంది. లీడర్ అటు చూశాడు. 16వ టీ వైపు చూశాడు, అక్కడ ముందు గ్రూపు నిలబడి ఉంది. మళ్లీ హైబ్రిడ్ తీశాడు. ఇంతలో కట్ట మీద మాటలు ఆగిపోయాయి.

బంతి నీళ్లు దాటింది, గ్రీన్ ముందు ఒడ్డున గడ్డిలో ఆగింది. చిప్, రెండు పుట్‌లు, పార్. ప్రత్యర్థి రెండు షాట్లలో గ్రీన్ ఎక్కి, రెండు పుట్‌లతో బర్డీ. లీడ్ ఒకటి. 16 మీద ఇద్దరూ పార్. 17 టీ మీద ప్రత్యర్థికి ఎదురుగాలి, డ్రైవర్ తీశాడు, ఎడమ బంకర్‌లో పడింది. లీడర్ ఐరన్‌తో ముందు ఆగాడు. ఒకరికి 5, ఒకరికి 4. మళ్లీ రెండు. 18 మీద లీడర్ బోగీ వేసి కూడా ఒక షాట్‌తో గెలిచాడు. గెలిచినవాడు మారలేదు. లీడ్ మాత్రం 14 తర్వాత మూడుసార్లు కదిలింది, ఒక్కరూ క్లబ్‌హౌస్‌కి ముందుగా వెళ్లలేదు.

ప్రతి ఏడాదీ ఇలాగే ఉంటుందని నేను కమిటీకి మాటివ్వలేదు. 2019 ఓపెన్ కోసం రాయల్ పోర్ట్‌రష్‌లో పాత 17, 18 సమతల హోల్స్‌ని తీసేసి 7, 8గా రెండు కొత్త హోల్స్ కట్టారు. దాంతో పాత 14, కలామిటీ కార్నర్ అని పిలిచే 236 గజాల పార్ 3, 16 అయింది. ముగింపు ఎంతో బలపడింది. ఆ ఏడాది షేన్ లౌరీ ఆరు షాట్ల తేడాతో గెలిచాడు, 16 దగ్గర భయపడాల్సిన పరిస్థితే అతనికి రాలేదు. వరుస అవకాశాన్ని పెంచుతుంది, దాన్ని వాడుకునే స్కోర్లు ఆటగాళ్లు తేవాలి.

ఇంకా తేలాల్సినవి రెండు. 17 మీద గాలి ఎదురైతే టీ నుంచి గ్రీన్ అందదు, అప్పుడు అందరూ ఐరన్ కొడతారు, ఆ హోల్ చప్పబడిపోతుంది. గాలి ఎదురున్న రోజు వాడటానికి 280 గజాల దగ్గర ఒక ముందు టీ కట్టమని చెప్పాను, వచ్చే సీజన్‌కి సిద్ధమవుతుంది. రెండోది 18వ గ్రీన్. తొమ్మిదో హోల్‌గా ఉన్నప్పుడు దాని వాలు సరిపోయింది. ఆఖరి గ్రీన్‌గా అది ముందు భాగంలో మరీ నిటారుగా ఉంది, అక్కడ పిన్ (కప్పులో నిలబెట్టే జెండా కర్ర) పెడితే పుట్ ఆగదు. వెనక భాగంలో కొంత చదును చేసి రెండు కొత్త పిన్ స్థానాలు తేవాలని కోర్స్ సూపరింటెండెంట్‌తో కలిసి కొలతలు తీశాం.